ఆట పెట్టెకు ఉన్న ఒకే ఒక్క చెవి

పోయిన సంక్రాంతి సెలవులకు మేము ముగ్గురు తోబుట్టువులం పిల్లాపాపలతో ఉప్పల్‌లోని ఇంట్లో కలుసుకున్నాం. పండుగకు ముందు అటక దులుపుతుంటే ఏళ్ల తరబడి ఎవరూ తెరవని అట్టపెట్టె ఒకటి చేతికి తగిలింది. అందులో మా చిన్ననాటి టీవీ గేమ్, రెండు క్యాసెట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, ఒక మామూలు రిమోట్ ఉన్నాయి. అడుగున, ప్లైవుడ్ పలకకు బిగించిన మరో రిమోట్ ఉంది. ఆ పలక మీద కాలింగ్ బెల్ స్విచ్చులు రెండు పక్కపక్కన ఉన్నాయి.

మాలో పెద్దవాడి కొడుకు ఏడవ తరగతి చదువుతున్నాడు. వాడు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "అత్తా, దీన్ని ఫోన్‌తో ఆడొచ్చా?" అని అడిగాడు. కుదరదన్నాం. "పోనీ, కంప్యూటర్ కీబోర్డు పెడితే?" అన్నాడు. అదీ కుదరదన్నాం. "ఈ రిమోటే ఎందుకు కావాలి? ఈ పలకేంటి?" అన్నాడు.

వాడడిగినవి రెండు ప్రశ్నలు. జవాబు మాత్రం ఒక్కటే. అది చెప్పాలంటే మా నాన్నగారి గురించి చెప్పాలి. చదువరులు కాస్త ఓపికతో వినాలని మనవి.

1996లో మేము నాచారంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాన్నగారు అక్కడి పారిశ్రామికవాడలో ఒక కార్ఖానాలో ఫిట్టరుగా చేరి, అప్పటికి స్టోర్సులో పని చేస్తున్నారు. 1991లో పవర్ ప్రెస్సు దగ్గర జరిగిన ప్రమాదంలో ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. అందుకే పని మారింది. మిగిలిన మూడు వేళ్లతో సంతకం పెట్టడం, గడ్డం గీసుకోవడం, అన్నం కలుపుకోవడం, సైకిలు బ్రేకు పట్టడం అన్నీ మళ్లీ నేర్చుకున్నారు. ఎంత బాగా నేర్చుకున్నారంటే, ఆ చేతికి లోటున్నదనే సంగతే మేము మరచిపోయాం.

ఆ ఏడు దసరా బోనస్ రాగానే మమ్మల్ని ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌కు తీసుకువెళ్లి ఈ టీవీ గేమ్ కొనిచ్చారు. మా ఇంట్లో పాత ఈసీ టీవీ ఉండేది. మన తూర్పు వైపు ఇళ్లలో ఆ టీవీ అంటే ఒక గౌరవం. ఇక్కడికి దగ్గరలోనే ఉన్న ఈసీఐఎల్‌లో తయారైనది కదా! ఆ రోజు నుండి బడి వదలగానే మా కాళ్లు నేరుగా టీవీ ముందుకే పరుగెత్తేవి.

అసలు ఆ పెట్టె ఏమిటంటే, జపాన్‌లో నింటెండో సంస్థ 1983 జులైలో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే యంత్రానికి నకలు. అలాంటి నకళ్లు 90వ దశకంలో మన దేశంలో రకరకాల పేర్లతో అమ్ముడుపోయాయి. చేతిలో పట్టుకునే దాన్ని కంట్రోలర్ అంటారు. మేమంతా రిమోట్ అనే అనేవాళ్లం. దానికి ఎనిమిది మీటలు. ఎడమ పక్క కూడిక గుర్తులా ఉండే నాలుగు దిక్కుల మీట, మధ్యలో సెలెక్ట్, స్టార్ట్, కుడి పక్క బీ, ఏ.

ఆరు నెలలు తిరగకముందే మా లాగులాటలో మొదటి రిమోట్ తీగ మెడ దగ్గర తెగింది. రెండవది ఉంది కదా అనుకున్నాం. తీరా చూస్తే దానికి స్టార్ట్ మీటే లేదు! అసలు ఫ్యామికామ్‌లోనూ అంతే. రెండవ ఆటగాడి కంట్రోలరుకు సెలెక్ట్, స్టార్ట్ పెట్టలేదు. మా నకలు కూడా ఆ వరసే పట్టింది. తెర మీద ఆటల పట్టిక కనబడుతోంది, సంగీతం వినబడుతోంది, మేము ముగ్గురం ఎదురుగా బాసిపట్లు వేసుకొని కూర్చున్నాం. ఆట మాత్రం మొదలు కాదు. పెట్టెలో ఏ లోపమూ లేదు. మేమేమంటున్నామో దానికి వినబడే దారి ఒక్కటే, ఆ దారి తెగిపోయింది.

మల్లాపూర్‌లో ఉండే మా మేనమామ కొడుకు దగ్గర వేరే రకం టీవీ గేమ్ ఉండేది. వాడి రిమోట్ అడిగి తెచ్చాం. దాని ప్లగ్గు కూడా తొమ్మిది రంధ్రాలదే. మా పెట్టెలో చక్కగా కూర్చుంది. కాని ఎన్ని మీటలు నొక్కినా తెర మీద చీమ కూడా కదలలేదు. చివరకు రెండు రిమోట్లూ పట్టుకొని ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర టీవీలు బాగుచేసే ఒక అన్న దగ్గరికి వెళ్లాం. ఆయన చూసి నవ్వాడు.

"గిది దాంట్ల కూసుంటది గని, దానితోని మాట్లాడది తమ్మీ. రెండిటి భాష వేరు" అన్నాడు.

ఆ రోజు ఆ అన్న చెప్పినది, తరువాత మేము చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాం.

ఎనిమిది మీటలకు ఎనిమిది తీగలు, అన్నిటికీ కలిపి మరొకటి, మొత్తం తొమ్మిది తీగలు వేస్తే పని సులభంగానే జరుగుతుంది. 1977లో అమెరికాలో వచ్చిన అటారీ యంత్రం జాయ్‌స్టిక్కు ఇంచుమించు ఆ పద్ధతే. ప్రతి దిక్కుకూ ఒక తీగ. నింటెండో వారు మాత్రం కంట్రోలరు లోపల ఒక చిన్న చిప్పు పెట్టి, అయిదు తీగలతోనే పని జరిపించారు. వాటిలో రెండు కరెంటుకు. మిగిలిన మూడింటి మీదనే సంభాషణ అంతా సాగుతుంది.

బడిలో ఉపాధ్యాయులు హాజరు పిలవడం మనకు తెలిసిందే. ఇదీ అంతే. పెట్టె మొదటి తీగ మీద "అందరూ ఉన్నచోటే ఆగండి" అన్నట్టు ఒక సంకేతం పంపుతుంది. ఆ క్షణంలో ఏ మీట నొక్కి ఉందో, ఏది లేదో చిప్పు గుర్తు పెట్టుకుంటుంది. తరువాత పెట్టె రెండవ తీగ మీద ఒక్కొక్క తట్టు తడుతూ ఒక్కొక్కరినే పిలుస్తుంది. మూడవ తీగ మీద చిప్పు "ఉన్నాను", "లేను" అని జవాబు చెబుతుంది. వరుస ఎప్పుడూ మారదు. ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. ఈ హాజరు సెకనుకు యాభై అరవై సార్లు జరుగుతుంది. అందుకే మనం నొక్కిన క్షణంలోనే బొమ్మ ఎగిరినట్టుంటుంది.

సెగా అనే మరో జపాన్ సంస్థ 1988లో తెచ్చిన మెగా డ్రైవ్‌కు కూడా తొమ్మిది రంధ్రాల ప్లగ్గే. కాని దాని హాజరు పద్ధతి వేరు. మీటలను రెండు గుంపులు చేసి, ఒక తీగ మీద సంకేతం మార్చి "ఇప్పుడు ఈ గుంపు, ఇప్పుడు ఆ గుంపు" అని అడుగుతుంది. కాబట్టి ప్లగ్గు పట్టినంత మాత్రాన మాట కలవదు. మా మేనమామ కొడుకు రిమోట్‌ది చెడిపోయిన నోరు కాదు, పరాయి భాష.

ఇదంతా తీగల సంగతి. ఇంతకన్నా లోతైన కారణం మరొకటుంది.

కంప్యూటరుకు ఆట రాసేవారికి, ఆడేవారి దగ్గర ఏముంటుందో ముందుగా తెలియదు. ఒకరి కీబోర్డు ఒక రకం, ఇంకొకరికి మౌస్, మరొకరికి జాయ్‌స్టిక్. అందుకే కంప్యూటరు ఆటల్లో "మీకిష్టమైన మీటలు ఎంచుకోండి" అని తరచుగా ఉంటుంది. ఆట పెట్టె సంగతి అలా కాదు. కొన్న ప్రతి ఇంట్లోనూ అదే కంట్రోలర్, అవే ఎనిమిది మీటలు, అవే చోట్ల ఉంటాయని ఆట రాసేవారికి ముందే తెలుసు. ఆ నమ్మకం మీదనే వారు ఆటను కడతారు. నాలుగు దిక్కుల మీటను నింటెండోలో గుంపెయ్ యొకోయ్ అనే ఇంజనీరు రూపొందించాడు. 1982లో డాంకీ కాంగ్ అనే చేతి ఆటలో అది మొదట వచ్చింది. కళ్లు తెర మీద ఉంచి, చేతివైపు చూడకుండానే బొటనవేలితో దిక్కు తెలుసుకోవచ్చు. నున్నని ఫోను అద్దం మీద వేలికి ఆ అంచు తగలదు.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ సంగతే చూడండి. బీ నొక్కి ఉంచితే మారియో పరుగెత్తుతాడు. ఏ నొక్కితే ఎగురుతాడు. దూరం దూకాలంటే బీ వదలకుండానే ఏ నొక్కాలి. అంటే కుడి బొటనవేలి కొనను బీ మీద ఉంచి, అదే వేలిని కొంచెం వంచి ఏ మీదికి దొర్లించాలి. పిల్లలకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ మీటల మధ్య దూరం బొటనవేలి కొలతకు తగినట్టే ఉంది.

కుడి బొటనవేలు ఉన్నవారికి మాట.

ఆ అన్న తీగ అతికి ఇచ్చాడు. మళ్లీ మా ఆట మొదలైంది. నాన్నగారు డ్యూటీ నుండి వచ్చి, కాళ్లు కడుక్కొని, మా వెనక చాప మీద చాయ్ తాగుతూ చూసేవారు. "ఆ గొట్టంలో దిగండిరా, డబ్బులుంటాయి" అని మాకే దారి చెప్పేవారు. ఆ పెట్టె ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. "నాన్నా, మీరొకసారి ఆడతారా?" అని మా ముగ్గురిలో ఒక్కరమూ ఒక్కసారి కూడా అడగలేదు. ఆయనకు ఇష్టం లేదేమో అనుకున్నామని చెబితే అబద్ధమవుతుంది. అసలు ఆ ఆలోచనే మాకు రాలేదు.

1997 ఏప్రిల్‌లో ఒక రాత్రి మాలో చిన్నది మంచినీళ్లకు లేచింది. ముందు గదిలో టీవీ వెలుగు కనబడింది. శబ్దం పూర్తిగా తగ్గించి ఉంది. నాన్నగారు ఒక్కరే కింద కూర్చొని, రిమోట్‌ను నేల మీద పెట్టి, ఎడమచేతితో దిక్కుల మీట నొక్కుతూ, కుడిచేతి ఉంగరపువేలితో ఏ మీటను వెతుక్కుంటున్నారు. నొక్కబోతే రిమోట్ జారిపోతోంది. మారియో నడిచి వెళ్లి మొట్టమొదటి పుట్టగొడుగు బొమ్మకే తగిలి పడిపోతున్నాడు. నాన్నగారు మళ్లీ స్టార్ట్ నొక్కుతున్నారు. మళ్లీ అంతే. మళ్లీ.

చిన్నది నీళ్లు తాగకుండానే వచ్చి పడుకుంది. పొద్దున్న ఆ సంగతి చెప్పినప్పుడు మేము ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

సాయంత్రం ముగ్గురం మళ్లీ ఆ అన్న దగ్గరికే వెళ్లాం. బొటనవేలు లేనివారు ఆడేలా వేరే రిమోట్ ఏదైనా ఉందా అని అడిగాం. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత మా రిమోట్ మరలు విప్పి లోపల చూపించాడు. ప్రతి మీట కింద ఒక రబ్బరు బొడిపె, దాని కింద సర్క్యూట్ పలక మీద దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా రెండు గీతలు. మీట నొక్కితే రబ్బరు అడుగున ఉన్న నల్లటి బిళ్ల ఆ రెండు గీతలనూ కలుపుతుంది. అంతే! మధ్యలో నల్లటి బొట్టులా ఉన్నది చిప్పు.

"దీన్ని మాత్రం ముట్టొద్దు. ఇదుంటేనే పెట్టె ఇంటది. గీతలు కలిపేది బొటనేలా, మోచెయ్యా, కాలా అన్నది పెట్టెకేం ఎర్క?" అన్నాడు.

ఆ మాట మాకు ఇప్పటికీ గుర్తుంది. పెట్టెకు తన భాష తెలిసిన కంట్రోలర్ లేకుండా గడవదు, నిజమే. కాని ఆ కంట్రోలరుకు ఫలానా వేలే కావాలన్న పట్టు లేదు. ఆ పట్టు దాని పైనున్న ప్లాస్టిక్ తొడుగుదే.

కోఠీ గుజరాతీ గల్లీలో ఇంకో రిమోట్ కొన్నాం. హబ్సిగూడలో వడ్రంగి దగ్గర ప్లైవుడ్ ముక్క అడిగి తెచ్చాం. రెండు కాలింగ్ బెల్ స్విచ్చులు కొన్నాం. ఆ అన్న గీతల మీది నల్లపూతను బ్లేడుతో గీకి, రాగి కనబడ్డాక, ఏ నుండి ఒక తీగ, బీ నుండి ఒక తీగ, రెండింటికీ ఉమ్మడిగా మరొక తీగ అతికి బయటికి తీశాడు. రిమోట్‌ను పలక ఎడమ వైపున సైకిల్ ట్యూబు ముక్కలతో కదలకుండా కట్టాం. కుడి వైపున స్విచ్చులు రెండూ బిగించాం. అరచేతి మడమ ఆనేచోట బీ, మూడు వేళ్లు చాచితే అందేచోట ఏ. కొలత కోసం నాన్నగారు నిద్రపోతున్నప్పుడు ఆయన చేతిని కాగితం మీద గీసుకున్నాం. ఆ చేతిని అంత దగ్గరగా చూడడం మాకు అదే మొదటిసారి. అన్న తన పనికి డబ్బు తీసుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పలకను నాన్నగారి ముందు పెట్టాం. ఏం చెప్పాలో మాకు తెలియలేదు. ఆయన కూడా ఏమీ అడగలేదు. ఫిట్టరు కదా, ముందు దాన్ని బోర్లించి అతుకులు చూశారు. "ఈ మర వదులుగా ఉంది" అని స్క్రూడ్రైవరు తెప్పించి బిగించారు. తరువాత ఒళ్లో పెట్టుకొని ఆట మొదలుపెట్టారు.

మొదటి పుట్టగొడుగు దగ్గర మారియో ఎగిరాడు! ఆ వెంటనే రెండవదానికి తగిలి చచ్చాడు. నాన్నగారు గట్టిగా నవ్వారు. మేమూ నవ్వాం. ఆయన చాలాసేపు ఆడి, పలక పక్కన పెడుతూ, "ఇన్నాళ్లూ మిషన్‌కు తగ్గట్టు నేనే సర్దుకున్నాను. ఇది నాకు తగ్గట్టు సర్దుకుంది" అన్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంటూనే, "చాలు గాని, చాయ్ చల్లారిపోతోంది" అంది. ఆ వేసవి సెలవులు ముగిసేలోగా ఆయన మొదటి ప్రపంచం దాటి రెండవదానిలో అడుగు పెట్టారు. నాన్నగారు 2012లో మమ్మల్ని విడిచి వెళ్లారు.

ఆ తరువాతి సంగతులు కూడా రెండు చెప్పాలి. 2018లో మైక్రోసాఫ్ట్ వారు ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అనేది తెచ్చారు. అరచేతితో నొక్కదగిన రెండు పెద్ద మీటలు, వెనక వరుసగా చిన్న రంధ్రాలు. కాలితో, మోచేతితో, తలతో నొక్కే స్విచ్చులను ఎవరి శరీరానికి తగినట్టు వారు ఆ రంధ్రాలకు కలుపుకోవచ్చు. 2023 డిసెంబరులో సోనీ వారు ప్లేస్టేషన్ 5 కోసం యాక్సెస్ కంట్రోలర్ తెచ్చారు. వాటి ఫోటోలు చూసినప్పుడు మాకు మా ప్లైవుడ్ పలకే గుర్తుకు వచ్చింది. పెట్టె భాష మాట్లాడే చిప్పు అలాగే ఉంటుంది. మీటలు మనిషిని బట్టి మారతాయి.

అలాగని పెట్టెలు అన్నిటినీ రానిస్తున్నాయని కాదు. ప్లేస్టేషన్ 5 ఆటలకు దాని ముందుతరం కంట్రోలర్ పనికిరాదు, పాత ఆటలకు మాత్రమే పనిచేస్తుంది. 2023 చివరలో ఎక్స్‌బాక్స్ వారు తమ అనుమతి లేని కంట్రోలర్లను, మధ్యలో పెట్టుకునే అడాప్టర్లను ఆపివేశారు. మోసం చేసి గెలిచేవారికి అది అడ్డుకట్ట కావచ్చు. కాని అలాంటి పరికరాల మీద ఆధారపడిన వికలాంగ ఆటగాళ్ల విషయంలో అప్పుడు ఆందోళన వ్యక్తమైంది. చెవి ఒక్కటే ఉన్నచోట, ఆ చెవి ఎవరి మాట వినాలో ఎవరు నిర్ణయిస్తారన్నది చిన్న విషయం కాదు.

ఇక మళ్లీ సంక్రాంతికి వద్దాం. పెట్టె వెనక పసుపు తీగ పెట్టే రంధ్రం ఉండడంతో, కొత్త అడాప్టరు కొని, ఇప్పటి టీవీకి కలిపాం. ఎర్రదీపం వెలిగింది! మా వాడు ముందు తుపాకీ తీసుకొని బాతులను కాల్చాడు. ఒక్క బాతూ పడలేదు. తప్పు వాడిది కాదు. ఆ తుపాకీ గొట్టంలో ఉన్నది వెలుతురును కనిపెట్టే కన్ను. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం మెరుస్తుంది. ఆ మెరుపు సరిగ్గా ఆ క్షణంలోనే కంటికి అందాలి. పాత గాజుగొట్టం టీవీలకు లెక్క కట్టిన కన్ను అది. పలుచని టీవీలు బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి దానికి లెక్క కుదరదు.

వాడు తుపాకీ వదిలేసి పలక ఒళ్లో పెట్టుకున్నాడు. బెల్ స్విచ్ మీద బొటనవేలు పెట్టబోయి ఆగాడు. "తాతయ్య ఎలా నొక్కేవారు?" అని అడిగాడు. చూపించాం. బొటనవేలు, చూపుడువేలు లోపలికి మడిచి, మూడు వేళ్లు చాచి, అరచేతి మడమ ఆనించి ఆడాడు. మొదటి పుట్టగొడుగు దగ్గరే చచ్చాడు. మేమందరం నవ్వాం.

ప్రియమైన తల్లిదండ్రులారా, మీ పిల్లలకు ఆట పెట్టె కొనేటప్పుడు పెట్టెతో పాటు కంట్రోలరును కూడా చేతిలో పట్టుకొని చూడండి. అది ఆ పెట్టెకు పనిచేస్తుందా అని అడగండి. ఇంటికి వచ్చాక మరొక్క పని చేయండి. పిల్లలు ఆడుతున్నప్పుడు వారి వెనక చాప మీద ఎవరు కూర్చొని చూస్తున్నారో ఒకసారి తిరిగి చూడమని చెప్పండి. మాకు ఆ మాట చెప్పినవారు లేక ఆరు నెలలు ఆలస్యమైంది.